వెంకటదుర్గ తెర, అబ్బులు ఫ్లెక్సు

వెంకటదుర్గ చేతులు కడుక్కుంటుంటే చూడాలి. మోచేతుల దాకా సబ్బు పట్టించి, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ తోమి, ఆ తరువాత రెండు చేతులూ గుండెల ముందు ఎత్తి పట్టుకుని, ఎవరికో దణ్ణం పెట్టబోయి మధ్యలో ఆగిపోయినట్టు నడుస్తుంది. ఆ నడకలో ఉండగా ముక్కు దురద పెట్టినా గోక్కోదు. కొంగు జారితే “ఎవరమ్మా అక్కడ, కాస్త ఈ పిన్ను పెట్టండి” అని కేకేస్తుందే గాని తాను సర్దుకోదు. భీమవరంలో ఆవిడ పనిచేసే క్యాన్సర్ ఆసుపత్రికి కొత్తగా వచ్చిన నర్సులు మొదటి వారం నవ్వుకుంటారు, రెండో వారానికి వాళ్లూ అలాగే నడుస్తారు.

ఈ అలవాటు ఆసుపత్రి నేర్పింది కాదు, రొయ్యలు నేర్పినది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి పద్నాలుగేళ్లు ఆవిడ రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసింది, పొట్టు ఒలిచింది. లోపలికి అడుగు పెట్టాలంటే బూట్లతో క్లోరిన్ నీళ్ల తొట్టిలోంచి నడవాలి. చేతులు కడగాలి, మళ్లీ క్లోరిన్ నీళ్లలో ముంచాలి. కడిగిన చెయ్యి జుట్టుకి తగిలిందా, అంతా మళ్లీ మొదటికే. తలుపుని కూడా చేత్తో ముట్టుకోకూడదు, భుజంతోనో కాలితోనో నెట్టాలి. ఐసుకి వేళ్లు కొంకర్లు పోతున్నాయని ఆ పని మానేసి ఆసుపత్రిలో ఆయాగా చేరేసరికి ఆవిడకి ముప్పై అయిదు దాటాయి. “రొయ్యకే అంత మర్యాద చేశామండీ, మనిషికి చెయ్యమా?” అంటుంది ఎవరైనా అడిగితే.

ఆవిడకి ఇచ్చింది ఇమ్యూనోథెరపీ మందులు ఎక్కించే వార్డు. ఆ పేరు నోరు తిరగడానికే నెల పట్టింది. పెద్ద డాక్టరు ఆంజనేయరాజు గారు అడిగితే విసుక్కోని మనిషి, ఒకరోజు విడమరిచి చెప్పారు.

“మన ఒంట్లోనే కాపలావాళ్లు ఉంటారమ్మా. క్యాన్సరు వాళ్ల కళ్లకి గంతలు కట్టి పెరుగుతుంది. ఈ మందు ఆ గంతలు విప్పుతుంది, అంతే.”

“మరి కాపలావాళ్లు లేచి కూర్చుంటే మనం ఇంత కడుక్కోడం దేనికండీ?”

“చాలామందికి దీంతోపాటు కీమో కూడా ఎక్కిస్తున్నాం కదా. దానికి తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు చిన్న ఇన్ఫెక్షను సోకినా ప్రాణం మీదకొస్తుంది.”

ఆ మాట ఆవిడ మనసులో గట్టిగా నాటుకుంది. తరువాత నాలుగో మంచం చిట్టెమ్మ గారికి జ్వరం తగిలి పది రోజులు ఐసీయూలో ఉండాల్సి వచ్చినప్పుడు, వెంకటదుర్గకి అన్నం సయించలేదు. వార్డులో ఒక మూల నిలబడి, ఎవరి చెయ్యి ఎక్కడెక్కడ పడుతోందో చూడటం మొదలుపెట్టింది. రూబీ అనే నర్సు వచ్చింది. మంచి పిల్ల, చేతులు చక్కగా కడుక్కుంది, కడుక్కుని ఆ చేత్తోనే మంచం చుట్టూ ఉండే తెర పట్టుకుని లాగి రోగి దగ్గరకి వెళ్లింది. అంతకు ముందే ఆ తెరని చూడవచ్చిన చుట్టాలు లాగారు, క్యారేజీ తెచ్చినవాడు లాగాడు, ముక్కు చీదిన మనవరాలు లాగింది.

“రూబీ, ఈ తెర ఎప్పుడు ఉతికారే?”

రూబీకి తెలియదు. అడిగితే వార్డులో ఎవరికీ తెలియదు! చిట్టెమ్మ గారి జ్వరానికి తెరే కారణమని ఎవరూ చెప్పలేరు, వెంకటదుర్గా అనలేదు. కానీ రొయ్యల ఫ్యాక్టరీలో అయితే ఆ తెరని పీకి బయట పారేసేవారని మాత్రం గట్టిగానే అంది.

ఆ నెల్లో ఆవిడ ఇంట్లో కుదురుగా కూర్చోలేదు. పాత కుట్టుమిషను పెడలు ఒకటి సంపాదించింది. చెరువుల మీద పిట్టలు వాలకుండా కట్టే నైలాను తాడు, రెండు చిన్న కప్పీలు తెచ్చి, పెరటి వసారాలో దుప్పటి వేలాడదీసి ప్రయోగాలు పెట్టింది. కాలితో తొక్కితే తెర తెరుచుకుంది. కాలు తీస్తే మాత్రం ఒక్కసారిగా దడాలున మూసుకుపోయేది, లోపలికి నడిచే వ్యవధి ఉండేది కాదు. ఇంకో వారం దాంతో కుస్తీ పట్టింది. ఒకరోజు వార్డులో గడువు తీరిన పెద్ద సిరంజిలు పారేస్తూ, ఒకదాని మూతికి వేలు సగం అడ్డం పెట్టి వెనక్కి లాగి చూసింది. అది మొరాయిస్తూ, బతిమాలించుకుంటూ మెల్లగా వచ్చింది. “దొరికావే!” అని అరిచిన అరుపుకి పక్క వార్డు వాళ్లు పరిగెత్తుకొచ్చారు. తాడు చివర సిరంజి కట్టింది. ఇక కాలు తీశాక తెర పెళ్లికూతురిలా నింపాదిగా మూసుకుంది.

ఆంజనేయరాజు గారు ఒక మంచానికి బిగించి చూసి, పేటెంటుకి పెడదామన్నారు. కనిపెట్టినవారి పేరు దగ్గర వెంకటదుర్గ పేరే రాయిస్తానన్నారు. ఆవిడ ఇంట్లో కరెంటు బిల్లు వాళ్లాయన పేరున వస్తుంది. గ్యాసు బండ ఎప్పుడో పోయిన మావగారి పేరున వస్తుంది. ఫోను సిమ్ము మరిది పేరున ఉంది. రొయ్యల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లూ ఆవిడ పదిహేడో నంబరు.

“నా ఒక్కదాని పేరేనాండీ?”

“ఆలోచన మీది, చేసింది మీరు. ఇంకెవరి పేరు రాస్తాం?”

కాకినాడ నుంచి కీర్తిప్రియ అనే అమ్మాయి వచ్చింది. పేటెంటు కాగితాలు రాయడం ఆమె వృత్తి. తెర చుట్టూ మూడుసార్లు తిరిగి, కాలితో తెరవడం పాత సంగతేనని, సిరంజితో నెమ్మదిగా మూసుకునే పద్ధతే కొత్తదని తేల్చింది. “దాని మీదే హక్కు అడుగుదామండీ. కానీ దరఖాస్తు పెట్టేదాకా ఎవరికీ చూపించొద్దు. ముందే బయటపడిందంటే కొత్తది కాదని కొట్టేస్తారు” అని మరీ మరీ చెప్పింది.

చూపించవద్దన్న మాట వెంకటదుర్గకి బాగానే ఎక్కింది. ఎక్కనిది ఆవిడ మరిది అబ్బులుకి. పెనుగొండలో రొయ్యల మేత అమ్మే అబ్బులు, సంతోషాన్ని కడుపులో దాచుకోవడం చేతగాని మనిషి. సెంటర్లో ఎవరి పిల్లకి చెవులు కుట్టినా, ఎవరి బుల్లెట్టు బండికి పూజ జరిగినా ఫ్లెక్సు లేవాల్సిందే, అందులో అబ్బులు ముఖం ఉండాల్సిందే. అలాంటివాడు ఒకరోజు ఆసుపత్రికి వచ్చి, వదిన తెర పక్కన నిలబడి ఉంటే ముచ్చటపడి ఫొటో తీశాడు. మూడో రోజుకి పెనుగొండ సెంటర్లో ఇరవై అడుగుల ఫ్లెక్సు! ‘కాలితో తీసే తెర కనిపెట్టిన మా వదినమ్మ వెంకటదుర్గ గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు.’ కింది నుంచి పైదాకా ఇరవై ఏడు ముఖాలు.

ఆవిడ ఆ సాయంత్రమే ఆటో ఎక్కి వెళ్లి అక్షింతలు వేసింది. “ఏంటి అబ్బులూ ఇది? నేను ఇంతున్నాను, నువ్వంత ఉన్నావు! తీయించెయ్యి ముందు.” అబ్బులు ముఖం చిన్నబుచ్చుకుని మర్నాడు తీయించాడు. అంతటితో అయిపోయిందనుకుంది. నెల తరువాత దరఖాస్తు పెట్టేటప్పుడు కీర్తిప్రియ “బయట ఎక్కడైనా పెట్టారాండీ?” అని అడిగితే, “అబ్బే, లేదమ్మా” అనేసింది. అబద్ధమాడదామని కాదు. మన వైపు ఫ్లెక్సుని ఎవరు బయటపెట్టడం అనుకుంటారు? అక్షరం ముక్క కూడా ఎవరూ చదవరు, తమ ముఖం ఎక్కడుందో వెతుక్కుంటారు గాని!

రెండేళ్లు గడిచాయి. ఆసుపత్రి సామాన్లు చేసే పెద్ద కంపెనీ ఒకటి, పేరెందుకు లెండి, పేటెంటు ఇవ్వకూడదని అభ్యంతరం పెట్టింది. దానికి జతచేసిన కాగితం ఏమిటో తెలుసా? అబ్బులు ఫేసుబుక్కులో పెట్టిన ఆ ఫ్లెక్సు ఫొటో, తేదీతో సహా.

కీర్తిప్రియ ఆ కాగితం తెచ్చి వెంకటదుర్గ ముందు పెట్టింది.

“ఎందుకు చెప్పలేదండీ నాకు?”

“ఫ్లెక్సేగా అనుకున్నానమ్మా. తప్పు నాదే.”

అబ్బులు మీద మాత్రం ఒంటికాలి మీద లేచింది. “నా బతుకులో నా పేరు మీద ఒక్కటంటే ఒక్కటి వస్తుందనుకున్నాను. దాన్ని కూడా నీ ముఖానికి బలిపెట్టావు కదరా!” అని ఫోను పెట్టేసింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి మరిదిని ‘రా’ అనడం అదే మొదలు. అన్నందుకు తరువాత తానే ఏడ్చింది. అబ్బులు రెండు కేజీల టైగరు రొయ్యలు పట్టుకొచ్చాడు. వండి పెట్టింది, మాట్లాడలేదు. అతను గబగబా తిని, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. కారం ఎక్కువైందో ఏమో మరి.

కంపెనీ ఇచ్చిన ఫొటో అరచేతి అంత కూడా లేదు. అందులో ఏది కనపడుతోందో, ఏది కనపడటం లేదో తేలాలంటే అసలు ఫ్లెక్సు కావాలంది కీర్తిప్రియ. రెండేళ్ల కిందటి ఫ్లెక్సు ఎవరి దగ్గర ఉంటుంది? అబ్బులు దగ్గర ఉంది. తీయించిన మర్నాటి నుంచి గొడౌన్లో మేత బస్తాల మీద కప్పి ఉంది. వాన పడినా బస్తా తడవలేదని అతనికి దాని మీద మహా గౌరవం.

ముగ్గురూ పెనుగొండ గొడౌను ముందు దాన్ని పరిచారు. కీర్తిప్రియ చెప్పులు విప్పి, దాని మీద మోకాళ్ల మీద పాకుతూ వెతికింది. పైన తెర ఉంది. పక్కన నమస్కారం పెడుతున్న వెంకటదుర్గ ఉంది. కప్పీలు, తాడు, సిరంజి, పెడలు ఉండాల్సిన కుడివైపు కింది మూలకి వచ్చేసరికి ఆ అమ్మాయి ఆగిపోయింది. అక్కడ నల్ల కళ్లద్దాలు, తెల్ల చొక్కా, చెవి దగ్గర ఫోనుతో నాలుగడుగుల అబ్బులు ఉన్నాడు. అతని భుజం మీదుగా పైదాకా మిగిలిన ఇరవై ఆరుమంది ఉన్నారు. సిరంజి మూతి కూడా కనపడితే ఒట్టు!

“అబ్బులు గారూ, మీ ఫొటో ఇక్కడ ఇంత పెద్దగా ఎవరు పెట్టమన్నారండీ?”

అబ్బులు తల దించుకున్నాడు. “ఫ్లెక్సు షాపువాడు నన్ను పైన చిన్న గుండ్రంలో పెట్టాడండి. గొడవపడి కింద పెద్దగా వేయించుకున్నాను. ఏదో మిషను అడ్డొస్తోందన్నాడు. ‘మిషనుదేముందిరా, మనిషిని పెట్టు’ అన్నానండి.”

“అసలు ఫొటో ఇంకెవరికైనా పంపారా?”

“లేదండి. వదిన తిట్టినరోజే ఫోన్లోంచి తీసేశాను. షాపువాడి చేత కూడా దగ్గరుండి తీయించాను.”

కీర్తిప్రియ ఆ ఫ్లెక్సు మీదే కూర్చుండిపోయి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లనీళ్లు తెచ్చుకుంది. వెంకటదుర్గకి విషయం అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక మరిది వంక చూసి, “కళ్లద్దాలు బాగున్నాయిలే” అంది. వాళ్లిద్దరి మధ్యా రెండు నెలల తరువాత అదే మొదటి మాట.

పేటెంటు ఆఫీసు విచారణ వీడియోలో జరిగింది. చెన్నైలో అధికారి, ఢిల్లీలో కంపెనీ లాయరు, భీమవరంలో ఆంజనేయరాజు గారి గదిలో వీళ్లు. ఉన్నది ఉన్నట్టు దాచకుండా ఫ్లెక్సు పెట్టామని ఒప్పుకుని, కీర్తిప్రియ దాని పెద్ద ఫొటో చూపించింది. అధికారి కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“కింద ఈ పెద్దమనిషి ఎవరు?”

“కనిపెట్టినావిడ మరిది గారండీ.”

“ఈయన వెనక ఏముందో మీరు చూపించగలరా?” అని అధికారి లాయరుని అడిగారు. లాయరు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. కాలితో తీయడం రాసి ఉంది కదా అన్నాడు. దాని మీద వీళ్లు హక్కే అడగలేదని, మూసుకునే పద్ధతి ఇందులో ఎక్కడుందో చెప్పమని అధికారి మళ్లీ అడిగారు. లాయరు మళ్లీ కాగితాల్లోకి దిగాడు. గది బయట తలుపుకి చెవి ఆనించి నిలబడ్డ అబ్బులు చెమటతో తడిసి ముద్దయ్యాడు.

ఇంకో మూడు నెలలు ఏ కబురూ లేదు. నాలుగో నెల ఒక ఉదయం, వార్డు మంచి రద్దీగా ఉంది. చిట్టెమ్మ గారు కోలుకుని, మళ్లీ పరీక్షలకని వచ్చి నాలుగో మంచం మీదే కూర్చున్నారు. ఆవిడకి పక్క మార్చాలని వెంకటదుర్గ చేతులు కడుక్కుని, గుండెల ముందు ఎత్తి పట్టుకుని బయలుదేరింది. పైకోటు జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆగింది, మళ్లీ మోగింది. వార్డంతా చూస్తోంది.

“తీయండక్కా, కీర్తిప్రియ గారేమో!” అంది రూబీ.

“చేతులు కడుక్కున్నాను. తరువాత చూద్దాంలే.”

“నేను తీయనా?”

“నువ్వూ కడుక్కున్నావు కదే.”

ఫోను అలా మోగి మోగి ఊరుకుంది. పక్క మార్చడం, దిండు సర్దడం, చిట్టెమ్మ గారికి మంచినీళ్లు పట్టడం అన్నీ నింపాదిగా అయ్యాయి. ఈలోగా ఆంజనేయరాజు గారే పెద్ద పెద్ద అడుగులు వేసుకుంటూ వార్డులోకి వచ్చారు. చేతిలో కాగితం, అప్పుడే ప్రింటు తీసినది.

“వచ్చేసిందమ్మా! ఇదిగో, తీసుకోండి.”

వెంకటదుర్గ చేతులు ముందుకు రాబోయి ఆగిపోయాయి. ఇంకా చిట్టెమ్మ గారికి మాత్ర వేయాలి.

“కాస్త మీరే చదవండి డాక్టరు గారూ.”

ఆయన చదివారు. ఏదో నంబరు, ఏదో తేదీ. ఆ తరువాత “కనిపెట్టినవారు” అని ఆగి, ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా చదివారు. ఇంకెవరి పేరూ లేదు.

“ఇంకొక్కసారి చదవరాండీ, ఆ పేరు మాత్రం.”

ఆయన మళ్లీ చదివారు. వెంకటదుర్గ కళ్లలో నీళ్లు బొటబొటా కారాయి. తుడుచుకోలేదు. చిట్టెమ్మ గారు తన చీర చెంగు పట్టుకుని తుడవబోతే ఆవిడ గభాలున వెనక్కి జరిగింది.

“వద్దు చిట్టెమ్మ గారూ, ముట్టుకోకండి. అవే ఆరిపోతాయి” అని నవ్వి, కడిగిన చేతులు అలాగే ఎత్తి పట్టుకుని, “రూబీ, ఆ మాత్ర గిన్నెలో వెయ్యి” అంది.