ఆర్వో కంగస్ అరచేయి

మా న్యూపోర్ట్ రేవులో ఆర్వో కంగస్ అరచేతికి ఉన్న పరపతి మేయరు సంతకానికి కూడా లేదు. ఆయన ఇదే తీరంలోని ఆస్టోరియాలో ఫిన్నిష్ జాలర్ల ఇంట పుట్టాడు. యౌవనమంతా సాల్మన్ చేపల వలలు లాగాడు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లుగా మా పరిశోధన ఓడ మీద ఆయన ఉద్యోగం ఒక్కటే: సముద్రం అడుగు నుంచి బురద నింపుకుని పైకొచ్చిన గొట్టాన్ని తడిమి తీర్పు చెప్పడం.

ఆ బురదలో అక్కడక్కడా గ్యాసు మంచులా గడ్డకట్టి ఉంటుంది. పైకి రాగానే అది కరగడం మొదలుపెట్టి, చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. గొట్టం ఆ మేరకు చల్లబడుతుంది. గుర్రాన్ని కొనబోయేవాడిలా ఆర్వో గొట్టం పొడవునా నిమురుకుంటూ నడిచేవాడు. చల్లగా తగిలినచోట సుద్దతో గీత గీసేవాడు. మేము వెంటనే అక్కడ కోసి ముక్క దాచేవాళ్లం. మిగతా గొట్టానికి గ్యాసు పోవడానికి చిల్లులు పొడిచేవాళ్లం. ఏమీ తగలకపోతే ఆయన గొట్టాన్ని రెండుసార్లు చరిచేవాడు. రెండు చరుపులు పడ్డాక ఇక అప్పీలు లేదు. గొట్టం చిల్లులు లేకుండా నేరుగా నిల్వ అర ఎక్కేది.

ఆ ఆగస్టులో ఓడలోకి వేడిని పసిగట్టే కెమెరా ఒకటి, దాన్ని నడపడానికి డెల్ఫీన్ రస్క్ వచ్చారు. చల్లటి చోటు దాని తెర మీద నీలంగా కనిపిస్తుందట.

"ఈ ప్రయాణానికి చెయ్యీ, కెమెరా రెండూ ఉంటాయి. వచ్చే ఏడాది ఏదో ఒకటే," అని మా పెద్ద శాస్త్రజ్ఞురాలు లొరెయిన్ టెబో మొదటిరోజే చెప్పేసింది. చెయ్యి ఓడ దిగితే దాని వెనకున్న మనిషీ దిగాలని ఎవరూ విడమరచలేదు.

మొదటి రెండు గొట్టాలకీ తెర మీద నీలం లేదు. ఆర్వో రెండేసి చరుపులు చరిచాడు. పోటీ సమంగా ఉంది.

మూడోది భోజనం వేళకి వచ్చింది. తెర మీద జానెడు మేర నీలం పట్టీ.

"పెద్దాయనా, ఇక్కడోసారి చూడండి," అంది డెల్ఫీన్.

ఆర్వో సరిగ్గా అక్కడే చెయ్యి ఆనించి, నిమిషంసేపు ఉంచాడు.

"ఏం లేదమ్మాయ్. నీ పెట్టెకి చలిగాలి తగిలి జలుబు చేసినట్టుంది. ముక్కు తుడువు."

డెక్కంతా నవ్వింది.

"దాని ముక్కు నేను తుడుస్తాలెండి. మీరు ఇంకోసారి తడమండి."

"ఇంకోసారి తడమడం నాకు అలవాటు లేదు," అని ఆయన రెండుసార్లు చరిచాడు.

లొరెయిన్ తెరని చూసింది, ఆర్వోని చూసింది. "అర ఎక్కించండి," అంది. యంత్రం రుజువు చూపిస్తుంటే మనిషి మాట నమ్మే శాస్త్రజ్ఞులు లోకంలో అరుదు. మా ఓడలో ఆ పూట పద్నాలుగుమంది దొరికారు.

చిల్లులు పొడవలేదు.

ఆల్చిప్పల సూపు రెండో చెంచా నోట్లో ఉండగా ఢామ్మని మోగింది. పరుగెత్తి చూస్తే గొట్టం మూత ఎక్కడుందో తెలియదు. బురద మాత్రం ఎదురుగోడ మీద ఉంది. అక్కడ వేలాడే భద్రతా నియమాల పట్టికలో ఒక్క అక్షరం కనిపించడం లేదు. దేవుడి దయవల్ల భోజనం మానేసి నియమాలు చదివే అలవాటు ఎవరికీ లేదు.

లొరెయిన్ బురద కెలికింది. తెల్లటి గడ్డలు, బుసబుసమని పొంగుతూ.

ఆర్వో గోడనే చూస్తూ చెయ్యి చాపాడు. "ఏదీ, ఇలా ఇవ్వు."

ఆవిడ రేగుపండంత ముక్క ఆయన అరచేతిలో పెట్టింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారుతున్నాయి.

"ఇవ్వమ్మా," అన్నాడు ఆయన, ఇంకా గోడనే చూస్తూ. "ఎంతసేపు?"

అందరం ఆయన అరచేతినే చూస్తున్నాం. మా ముఖాలు చూశాక ఆయన చెయ్యి వైపు తిరిగాడు. ముక్క అక్కడే ఉంది, చిటపటలాడుతూ. చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత మెల్లగా చెంపకి ఆనించుకున్నాడు.

"చల్లగానే ఉంది," అన్నాడు.

డెల్ఫీన్ తల దించుకుంది.

"మొన్న వసంతంలో చేపల పొగపొయ్యి మీద ఈ చెయ్యే కాలింది," అన్నాడు ఆర్వో, వేరెవరి సంగతో చెబుతున్నట్టు. "కమురు వాసన వచ్చాకగానీ తెలియలేదు. మంట తక్కువగా ఉందనుకున్నాను. రేవు డాక్టరు చక్కెర జబ్బంటే, కాఫీలో చక్కెర వేసుకోనని చెప్పి పంపించేశాను."

మామూలుగా అయితే ఈ మాటకి డెక్కంతా నవ్వేది.

నాలుగో గొట్టం వచ్చినప్పుడు అలవాటు చొప్పున అందరం దారి ఇచ్చాం. ఆయన ముందుకు రాలేదు. గోడకున్న డ్రిల్లు అందుకుని డెల్ఫీన్ పక్కన నిలబడ్డాడు.

"ఎక్కడ పొడవాలి?"

ఆవిడ చూపించిన చోటల్లా చిల్లు పొడిచాడు. గ్యాసు బుస్సుమంది. పని అయ్యాక చెయ్యి తనంతట తానే చరచడానికి లేచింది. గొట్టానికి బెత్తెడు దూరంలో ఆగింది. ఆర్వో దాన్ని కిందికి దించి, ప్యాంటుకి తుడుచుకున్నాడు.