వీధి నిండా సొరకాయలు

మా వదిన సిటీ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. మా అన్నయ్య పోయాక మేమిద్దరమే అద్దెకు ఉంటున్నాం. ముందు గదిలో మిషను వేసుకుని నేను బట్టలు కుడతాను. నాకు ముక్కు మీద కోపం. ఆమెకు కాలు ఒకచోట నిలవదు. అలాంటి మనిషి రిటైరైన కొత్తలో కిటికీ దగ్గర కూర్చుని, కింద పోయే బస్సుల వంక చూస్తూ ఉండిపోయింది. రోజంతా జనంతో మాట్లాడిన మనిషికి ఇప్పుడు నేనొక్కదాన్నే దిక్కు. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది.

ఓ రోజు డాబా ఎక్కి, పాత బకెట్లలో మట్టి పోసి సొర విత్తనం పెట్టింది. కాయలు కాశాక మొహంలో కళ వచ్చింది. అంతలో ఇంటి ఓనరు పైకొచ్చాడు.

"కండక్టరమ్మా, సెల్ టవర్ వాళ్ళు ఈ డాబా అద్దెకి అడుగుతున్నారు. మీరొక్కరే పెంచుకుంటానంటే కుదరదు. పదిమందికీ పనికొస్తే ఉంచుతా. వానాకాలం అయ్యేదాకా చూస్తా."

ఆ డాబా పోతే వదిన మళ్ళీ కిటికీ దగ్గరికే చేరుతుందని నాకు తెలుసు.

మర్నాడే ఆమె వీధి మీద పడింది. కనబడిన ప్రతి తలుపూ కొట్టి, డాబా ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ విత్తనాలు పంచింది. డాబా లేనివాళ్ళకు మా డాబా మీద తలా ఓ మూల చూపించింది. వంటింటి తొక్కలు మాగబెట్టి ఎరువు చెయ్యడానికి అక్కడే డ్రమ్ములు పెట్టించింది. అంతా బాగానే ఉంది గానీ, ఆమె పంచినవన్నీ సొర విత్తనాలే! బస్సులో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అంటే తగవులొస్తాయని అందరినీ ఒకేలా చూడటం ఆమెకు అలవాటు.

ఇక చూడండి వైభోగం. ఏ డాబా చూసినా సొరకాయలే. ఇవ్వడానికి అందరూ సిద్ధం, పుచ్చుకునే నాథుడు లేడు. పక్కింటి నర్సు మా గుమ్మంలో కాయ పెట్టి పారిపోయేది. నేను దాన్ని తీసుకెళ్ళి వీధి చివర కిరాణా కొట్టు ఆయన గుమ్మంలో పెట్టి మొహం చాటేసేదాన్ని. ఓనరు తన స్కూటరు మీద కూడా ఓ కాయ చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"సొరకాయ కోతలనుకున్నా, నిజంగానే కోశారే!"

వదిన మొహం చిన్నబుచ్చుకుని మంచమెక్కింది. నాకు ఒళ్ళు మండింది.

"అందర్నీ ఒకే స్టాపులో దింపేస్తే ఎలా వదినా? ఎవరు దిగాల్సిన చోట వాళ్ళని దింపాలి కదా!"

ఆమె లేచి కూర్చుంది. "అంత తెలివి ఉన్నదానివి, ముందే చెప్పి చావొచ్చుగా!"

ఈసారి అందరినీ మా డాబా మీద కూర్చోబెట్టింది. ఎవరి చోట ఎండ ఎంత, నీడ ఎంత అని అడిగింది. వాటర్ ట్యాంకు నీడలో ఉన్న నర్సుకు పాలకూర, రోజంతా ఎండ కాసే కిరాణా ఆయనకు మిరప, వంకాయ. ఒకరి మొక్కలకు ఒకరు నీళ్ళు పోసేలా వంతులు వేసుకున్నారు, పోట్లాడుకున్నారు కూడా. ఆదివారం పొద్దున్నే అందరూ కోసినవి తెచ్చి మా డాబా మీదే మార్చుకునేవారు. వదినకు ఊపిరి సలిపేది కాదు. ఆ సందడి వింటుంటే నాకు మిషను తొక్కబుద్ధయ్యేది కాదు.

వానలు ముదిరి ఊరి బయట వంతెన మీదికి నీళ్ళొచ్చాయి. కూరగాయల లారీలు అవతలే ఆగిపోయాయి. అన్నీ దొరికాయని అబద్ధం చెప్పను, ఉల్లిపాయల ఊసే లేదు. అయినా మా వీధిలో ఏ పొయ్యి మీదా కూర లేని పూట లేదు. ఓనరు ఇంటికీ మా డాబా నుంచే వెళ్ళింది.

వానలు వెనకబట్టాక ఓ ఆదివారం ఓనరు వెంట టవర్ మనుషులు టేపు పట్టుకుని పైకొచ్చారు. వీధంతా బుట్టలతో అక్కడే ఉంది. వదిన చేతిలో వంకాయలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కొలుచుకోండి గానీ, నా పాలకూర తొక్కారంటే ఊరుకోను," అంది నర్సు.

"ఆ డ్రమ్ము జరపకండి, మా ఇంటి తొక్కలు మాగుతున్నాయి," అన్నాడు కిరాణా ఆయన.

తలా ఒక మాట అందుకున్నారు. టేపు పట్టుకున్నవాడికి కాలు పెట్టే చోటు దొరకలేదు. ఓనరు అందరి మొహాలూ చూసి, "ఇక్కడ ఖాళీ లేదు, వెళ్ళిరండి," అని వాళ్ళను పంపేశాడు. తర్వాత వదిన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"కండక్టరమ్మా, నాక్కూడా ఓ మూల ఇస్తారా?"

"ఈ డాబా అంతా మీదేగదండీ!"

"డాబా నాదే. మూల అడుగుతున్నా."

వదిన ఒక్క క్షణం ఆలోచించి, ఎండ బాగా పడే తన సొంత మూల ఆయనకు చూపించింది. ఆ మూల ఎప్పటినుంచో నేను అడుగుతున్నాను, నాకివ్వలేదు! కోపంతో నోరు తెరిచానే గానీ, ఆమె కళ్ళు నిండటం చూసి, ఓనరు చేతికి చిన్న పార అందించాను.