బంగాళాదుంపలకు అమ్మవారు

1995 సెప్టెంబరు ఇరవై నాలుగు, ఆదివారం, సాయంత్రం నాలుగుంపావు. దక్షిణాఫ్రికాలోని ఉమ్‌కోమాస్‌లో మా ఇంటి యజమానురాలు పెరట్లో బంగాళాదుంపలు తవ్విన సమయం నా డైరీలో ఇలాగే ఉంది. నేను ఆంధ్ర నుంచి లెక్కల టీచరుగా వచ్చి, ఆవిడ ఇంటి వెనక గదిలో అద్దెకు దిగి అప్పటికి ఎనిమిది నెలలు. ఆవిడ ముత్తాత చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాడు. నేను ఆవిడను పెద్దమ్మగారూ అనేదాన్ని. ఆవిడకు నేను టీచర్‌ని.

దుంపలు మూడు వందల పన్నెండు. వాటిలో నూట ఎనభై ఏడింటి మీద బుడిపెలు. రెండుసార్లు లెక్కపెట్టాను, తేడా రాలేదు. ఆ పంటంతా వచ్చే శనివారం, పెరటాసి నెల పూజకు, గుడిలో వడ్డించే కూరకని ఆవిడ మాట ఇచ్చి ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ కూర ఆవిడదే. పక్కవీధిలో ఒకావిడ గుమ్మడికాయ కూరతో ఆ స్థానం కోసం కాచుకుని ఉందని మా వీధిలో అందరికీ తెలుసు.

పెద్దమ్మగారు ఒక దుంపను అటూ ఇటూ తిప్పి చూసి, తలగుడ్డ సర్దుకుంది.

"అమ్మ వచ్చినాది."

"ఎవరమ్మ?"

"పిల్లలకి ఒళ్ళంతా పోస్తాది, ఆ అమ్మ. చూడు టీచర్, మొహమంతా పోసేసినాది."

బంగాళాదుంపకు మొహం ఎటువైపు ఉంటుందో నేను అడగలేదు.

అమ్మవారు పోసిన ఇంట్లో నూనె చిటపటలాడకూడదు గనుక ఆ సాయంత్రం నుంచే తాలింపు ఆగిపోయింది. వేప దొరకదు గనుక దానిని పోలిన సిరింగా మండలు గుమ్మానికి వేలాడాయి. దుంపలను వరండాలో పాత దుప్పటి మీద పడుకోబెట్టి, ఆవిడ పొద్దునా సాయంత్రం మండలతో విసిరింది. సోమవారం నుంచి బుధవారం దాకా నాకు ఆరు పూటలు పెరుగన్నం.

"అమ్మ ఉన్న ఒంటికి కత్తి పెట్టకూడదు. ఈ ఏడు కూర లేదు. ఇంక గుమ్మడికాయదే రాజ్యం," అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అది చూశాక ఊరుకోలేకపోయాను.

గురువారం ఒక దుంపను బడికి తీసుకువెళ్లాను. ఆ ఏడాదే మా బడిలో చేరిన జూలూ సైన్సు మాస్టారు దానిని కోసి చూసి, ఇది వేర్లలో ముడులు వేసే మట్టిపురుగు పని అన్నారు. తిన్నవారికి హాని లేదట. తొక్క మందంగా తీస్తే చాలట. సూక్ష్మదర్శిని కూడా ఎరువిచ్చారు.

ఆ సాయంత్రమే పెద్దమ్మగారిని దాని ముందు కూర్చోబెట్టాను. మొదట ఆవిడ అద్దానికి ఆనించిన కన్నే మూసింది. సరిచేశాను.

"చూడండి, అది పురుగు. ఆడపురుగు. ఏం కనిపిస్తోంది?"

తెల్లగా, గుండ్రంగా, చిన్న మెడతో అది మెరుస్తూ ఉండాలి.

"ముత్యం," అంది. "ముత్యాలమ్మే. నీ మిషన్ కూడా చెప్పినాది. మారా, నువ్వే నమ్మవు." మారా అంటే ఆ ఊళ్ళో 'కానీ' అని.

నా వాదం అక్కడితో ముగిసింది. ఇక మిగిలింది లెక్క ఒక్కటే.

"పిల్లలకు పోస్తే నీళ్ళు ఎన్నో రోజున పోస్తారు?"

"మూడు, అయిదు, ఏడు. బేసి రోజు. నీళ్ళు పోస్తే అమ్మ దిగిపోతాది."

"ఆదివారం వచ్చింది కదా. శనివారం ఎన్నో రోజు?"

వేళ్ళు మడిచింది. "ఆరు. సరి. పనికిరాదు."

"ఆదివారాన్ని వదిలేశారు."

"సాయంత్రం వచ్చినాది టీచర్. అప్పటికి రోజు అయిపోయినాది."

డైరీ తెచ్చి చూపించాను. నాలుగుంపావు. సూర్యాస్తమయానికి ఇంకా గంటన్నర ఉంది. ఆవిడ ఆ అంకెల మీద వేలు పెట్టి ఆలోచించింది.

"సూర్యుడు ఉండగా వస్తే ఆ రోజు అమ్మదే," అని ఒప్పుకుంది. సమయం రాసిపెట్టుకునే అలవాటు నాకు అంతగా ఉపకరించిన రోజు మరొకటి లేదు.

ఏడవ రోజు తెల్లవారాక పసుపునీళ్ళలో, బడిలో కోసినది పోను, మూడు వందల పదకొండు స్నానాలు జరిగాయి. ఆవిడ నీళ్ళు పోసింది, నేను తుడిచాను. తరువాత తొక్క మందంగా తీసి, వారం రోజుల ఆవాల బాకీ ఒక్క తాలింపులో తీర్చేశాం.

గుడిలో గుమ్మడికాయ ఆవిడ కూడా మా కూర రెండుసార్లు వడ్డించుకుంది. మూడోసారి గరిటె అందుకుంటూ, "ఆలు బాగున్నాయి అక్కా. విత్తనానికి నాలుగు ఇవ్వు," అంది.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ నాలుగింటితో పురుగు కూడా వీధి దాటుతుంది. నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మగారు జూలూ వాళ్ళ 'అయ్యబాబోయ్'తో అడ్డుపడింది.

"హాయ్బో. నా ఇంటి అమ్మని నీ తోటకి పంపుతానా?"

గుమ్మడికాయ ఆవిడ తన ఆకులోని కూర వైపు చూసింది. "ఏ అమ్మ?"

"తిను, తిను," అంది పెద్దమ్మగారు, మరో గరిటె వడ్డిస్తూ. "పొద్దున్నే నీళ్ళు పోసేసినాం."