మగ్గం మీద గూడు

ధర్మవరంలో మా అక్కవాళ్ల మిద్దె దూలం పగిలిందని తెలిసేనాటికి మగ్గం మీద సగం చీర ఉంది. చిక్కంతా ఆ సగంతోనే వచ్చింది.

మట్టిమిద్దె కారకుండా వానలకు ముందే మీద చవుడు మట్టి పోయాలి. పగిలిన దూలం మీద కొత్త బరువు వేయకూడదు, ముందు దూలం మార్చమన్నాడు మేస్త్రీ. దూలం మార్చాలంటే కిందున్న మగ్గం విప్పాలి. పడుగు, అంటే మగ్గానికి బిగించిన నిలువు పోగులు, సగంలో ఉండగా మగ్గం విప్పితే ఆ పట్టు ఇక ఎందుకూ పనికిరాదు. దీనికి ముందు నేసిన చీర మీద మిద్దె కారి మట్టినీళ్ల మరక పడింది. పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే సావుకారు దాన్ని మడిచి పక్కన పెట్టి, "ఇంగొగటి ఇట్లొస్తే నా పడుగు నాకిచ్చేయండి" అన్నాడు. ఒక సావుకారు పడుగు వెనక్కి తీసుకున్న ఇంటికి ఇంకో సావుకారు పడుగు ఇవ్వడు. ఇప్పుడు మగ్గం మీదున్నది పెళ్లికూతురి చీర, లేత మీగడ రంగు. చిన్న చుక్క పడినా దాగదు.

అది అరవైల చివర ఒక ఎండాకాలం. నేను పెనుకొండలో బడిపంతులుని. బడికి సెలవులు. ఆ నెలల నా డైరీ తీస్తే ప్రతి సాయంత్రం మబ్బుల గురించే ఉంటుంది. పడమర నల్లబడిందనో, ఉరిమి ఊరుకుందనో రాసుకున్నాను.

మిద్దె కింద, మగ్గానికి పైగా ఒక గుడ్డ కడితే కారిన నీళ్లు దాని మీద పడతాయని అనుకున్నాం. గుడ్డను మోయడానికి తేలికైనది ఏదో కావాలి. వెదురు కడదామంటే బావ ఒప్పుకోలేదు. వెదురుకు పుచ్చు పడితే పొడి రాలుతుంది, అది పట్టు మీదే పడుతుంది. బావ తల్లికి ఇంకో అభ్యంతరం ఉంది.

"వెదుర్లు కట్టి తెల్లగుడ్డ పరిస్తే పాడె మాదిరుంటాది. దాని కింద కూచుని పెండ్లిచీర నేస్తారా?" అంది అవ్వ.

"నీకేమిలేమ్మా, నువ్వు ఎక్కేదానికి ఇంకా టైముండాది," అన్నాడు బావ.

నేను హిందూపురం పోయాను. టీ పెట్టెలు విప్పిన పలుచటి ప్లైవుడ్ చెక్కలు ఒక అంగట్లో దొరికాయి. కరెంటు సామాన్ల అంగట్లో అప్పుడే కొత్తగా వచ్చిన నల్లటి ప్లాస్టిక్ పైపులు చూశాను. తీగలు దూర్చే సన్న రకం. అంగడాయన ఒకటి వేలి మీద నిలబెట్టి చూపించాడు. "గడ్డిపోచ మాదిరి ఉండాది సార్. పుచ్చదు, చెద పట్టదు. దుడ్లు ఊరికే పోవు." రెండూ కొన్నాను. రైలు పెట్టెలో ఆ పైపులు పట్టుకుని నిలబడితే ఒక పెద్దాయన, "ఏమప్పా, ఇన్ని పిల్లనగ్రోవులు ఎవురికి?" అని అడిగాడు. నవ్వు రాలేదు. కిటికీలోంచి మబ్బులు చూస్తూ నిలబడ్డాను.

పెనుకొండలో మా వసారాలో ఒక చెక్క, ఒక పైపు మేకుల మధ్య పెట్టి, రెండింటి మీదా తడిపంచె వేలాడదీశాను. రోజూ తడిపి మళ్లీ వేసేవాణ్ని. కొన్నాళ్లకు ప్లైవుడ్ అంచు ఉల్లిపొరల్లాగా విచ్చుకుంది. మగ్గమున్న గదిలో పట్టుదారం తెగకుండా నేల తడుపుతూ ఉంటారు, అక్కడ ఈ చెక్క ఎన్నాళ్లుంటుంది? పైపు మాత్రం కొంచెం వంగి, పంచె తీయగానే మళ్లీ చక్కబడింది. రెండూ ధర్మవరం తీసుకుపోయి చూపించాను. వంగిందే అని నాకు దిగులు, చక్కబడింది కదా అని బావకు ధైర్యం. "నున్నగుండాది. పేడు లేచి పట్టుకు తగులుకునే బాధ లేదు" అని పైపుకే ఓటు వేశాడు. మగ్గం గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు మేకుల మీద పైపులు ఆనించి, పాత పంచెలు కుట్టిన గుడ్డ బిగించాం. చెక్కలు మూలన పడ్డాయి.

గవాక్షి సంగతి మాకెవరికీ తట్టలేదు. మగ్గానికి వెలుతురు రావడానికి మిద్దెలో వదిలిన కంత అది. వాన వస్తే మీద బండ మూస్తారు. ఎండాకాలం నడిమధ్యాహ్నం దాని గుండా ఎండ నిప్పు కడ్డీలాగా దిగుతుంది. మా వసారాలో నీడలో చక్కబడిన పైపు, ఇక్కడ ఆ ఎండ తగిలిన చోట మెత్తబడి కిందికి జారింది. నేను మళ్లీ వెళ్లేసరికి గుడ్డ నడుమ బొజ్జలాగా దిగి, సరిగ్గా పడుగు మీద వేలాడుతోంది. వాన పడితే నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. ఏమీ కట్టకుండా ఉన్నా ఇంతకంటే మేలే.

ఆ సాయంత్రం తూర్పున ఉరుములు మొదలయ్యాయి. బావ కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోంచి లేచి గుడ్డను అరచేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దుగూకులూ ఇట్లే నిలబడతావా? నేసేదెవురు?" అంది అక్క.

"పంతులు తెచ్చినాడు కదా పైపులు, పంతుల్నే నిలబెడదాం."

"ప్లైవుడ్ వేద్దాం బావా, కొన్నాళ్లన్నా ఆగుతుంది," అన్నాను.

అక్క వంగిన పైపు కేసి చూస్తూ ఉంది. "వంగేదాన్ని వంగొద్దంటే ఇంటాదా? మీదికే వంగనీ. సవారిబండికి వంచి కట్టిన గూడు ఎట్లుండాది?"

ఉరుముతుండగానే పని మొదలుపెట్టాం. మగ్గానికి ఇరుపక్కలా ఉన్న గుంజలకు ప్లైవుడ్ చెక్కలు నిలువుగా కట్టాం. పడుకోబెడితే ఊగే చెక్క, నిలబెడితే కదల్లేదు. నీళ్లు తగలకుండా వాటికి మైనం రుద్దింది అవ్వ. చెక్కలకు కంతలు పొడిచి, పైపు కొసలు ఈపక్క ఒకటి ఆపక్క ఒకటి దూర్చాం. గుంజల మధ్య జాగా పైపు పొడవు కంటే తక్కువ కాబట్టి పైపులు విల్లులాగా పైకి లేచాయి. దూలానికి ఏమీ తగల్లేదు. గుడ్డ కప్పి, అంచుల కింద తపేలాలు పెట్టాం. అక్క మిద్దె ఎక్కి గవాక్షి మీద బండ మూసింది.

వాన పడింది. కొంతసేపటికి మిద్దె కారడం మొదలైంది. దీపం పట్టుకుని గుడ్డ కింద కూర్చున్నాం. మట్టినీళ్లు గుడ్డ మీద పడి, ఇరుపక్కలకూ జారి, తపేలాల్లో టప్పుమన్నాయి. ఒక పైపు కిర్రుమన్నప్పుడల్లా బావ చెయ్యి పడుగు మీదికి పోయేది, అడ్డం పెట్టడానికి.

తరువాత ఇంకా రెండుమూడు వానలు పడ్డాయి. ఎండ దిగే నడిమధ్యాహ్నం గవాక్షి మూసే ఉంచేవాళ్లం. చీర మగ్గం దిగింది. సావుకారింటికి అక్కాబావలతో నేనూ వెళ్లాను. ఆయన చీరను వాకిట్లో ఎండలోకి తీసుకుపోయి, మడత తరువాత మడత విప్పాడు. ఒకచోట ఆగి గోటితో గీకాడు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. అదేదో నూలు పోగు, ఊడి వచ్చింది. చివరి దాకా చూసి చీర మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"ఇంగొగ పడుగు తీసుకపోతారా?"

బావ నోరు తెరిచేలోగా అక్క అంది. "తీసుకుంటాం సామీ. కానీ ముందు దూలం మార్చాల."