లిఫ్టు ఆపిన మనిషి

ఆ లిఫ్టు మెకానిక్‌ని ఎరిగినవాళ్ళంతా చిటపట అనేవాళ్ళు. ఎవరు పెట్టారో గానీ ఆ పేరు అతికినట్టు సరిపోయింది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. లిఫ్టు ఆగిపోయిందని ఎవరైనా పిలిస్తే, తలుపులు ధడాలున వేసినందుకు ముందు నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాతే పనిముట్ల సంచీ విప్పేవాడు. కాఫీ ఇస్తే తాగేవాడు కాదు. ఇవ్వకపోతే గుర్తుపెట్టుకునేవాడు.

ఇలాంటి మనిషికి ఖాతాదారులు ఎలా నిలిచారంటే, బావమరిది పుణ్యమా అని నిలిచారు. భార్య తమ్ముడు. నవ్వు మొహం, నోరు తెరిస్తే తేనె. ఇద్దరూ కలిసి ఒక పాత షెడ్డు అద్దెకు తీసుకుని లిఫ్టుల మరమ్మతు మొదలుపెట్టారు. చేతులు ఇతనివి, మాటలు అతనివి. ఎవరేం అడిగినా "అయిపోతుంది సార్" అనడం బావమరిది అలవాటు. దాన్ని నిజంగా అయ్యేట్టు చూసి పళ్ళు నూరుకోవడం చిటపట వంతు.

గొడవ మొదలైంది అత్తగారు ఉండే అపార్టుమెంటులోనే. ఆవిడది అయిదో అంతస్తు. ఆ భవనంలో లిఫ్టు పాతది, చేత్తో లాగి తెరిచే తలుపులు. మూడో అంతస్తు తలుపు తాళం అరిగిపోయింది. లిఫ్టు ఆ అంతస్తులో లేనప్పుడు తలుపు తెరుచుకోకుండా పట్టి ఉంచేది ఆ తాళమే. అది సరిగా పడకపోతే లిఫ్టు కదలదు. కొత్తది ఎక్కడో తయారై రావాలి, కొన్ని వారాలు పడుతుందన్నారు. అన్నాళ్ళూ లిఫ్టు ఆపాల్సిందేనని చిటపట చెప్పి వెళ్ళిపోయాడు.

రెండోరోజు పక్క భవనంలో పనుండి అటు వెళ్తే, లిఫ్టు తిరుగుతున్న చప్పుడు వినపడింది. లోపలికి వెళ్ళి చూశాడు. లిఫ్టు కిందనే ఉంది. మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్ళి తలుపు పట్టుకుని లాగాడు. మెత్తగా, ఏ అడ్డూ లేకుండా తెరుచుకుంది. ఎదురుగా చీకటి గొయ్యి, గ్రీజు పట్టిన వైర్లు, అడుగున లిఫ్టు నెత్తి. తలుపు పక్కనే గోడకి ఆనించి ఎవరిదో మూడు చక్రాల పిల్లల సైకిలు ఉంది. చిటపట తలుపు మూసి, సైకిలుని దూరంగా జరిపాడు.

మేడ మీద మోటారు గదిలోకి వెళ్ళి చూస్తే సంగతి తెలిసింది. తాళంతో పని లేకుండా లిఫ్టు నడిచేలా ఎవరో రెండు వైర్లు తెచ్చి ముడేశారు. ఆ ముడి వేసిన తీరు అతనికి బాగా తెలుసు. తనే నేర్పాడు.

వైరు పీకేసి, మెయిన్ స్విచ్ ఆపి, గదికి తన తాళం వేశాడు. కబురందుకుని బావమరిది ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అపార్టుమెంటు ప్రెసిడెంటు గారు బతిమాలారు బావా. పై అంతస్తుల్లో ముసలివాళ్ళున్నారు, మా అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. నాలుగు వారాల పనే కదా."

"మూడో అంతస్తులో తలుపు లాగి చూశావా?"

"అందరికీ జాగ్రత్తగా ఉండమని చెప్పాను."

"నడక నేర్చేవాడికి కూడా చెప్పావా?"

బావమరిది మొహం ఎర్రబడింది. నీ నోటి దూలకి జనం మనని గెంటేయకుండా ఇన్నేళ్ళూ కాపుకాసింది నేను, నేను లేకపోతే నీ మొహం చూసి ఒక్కడూ పని ఇవ్వడు అన్నాడు. అది నిజమేనని చిటపటకి తెలుసు. అందుకే ఇంకా మండింది. ఇకనుంచి నా పనిలో చెయ్యి పెట్టొద్దని చెప్పి మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం కార్లు పెట్టేచోట ప్లాస్టిక్ కుర్చీలేసి కమిటీ కూర్చుంది. ఇతనికి కుర్చీ వేయలేదు. ప్రెసిడెంటు రిటైరైన ఇంజనీరు, గొంతు పెద్దది. మా భవనానికి నువ్వు తాళం వేయడమేమిటి, అల్లుడివని ఊరుకుంటున్నాం అని మొదలుపెట్టాడు. తలా ఒక మాట అన్నారు. వేరేచోట ఇలాగే నడుపుతున్నారని ఒకరు, బేరం పెంచడానికి ఎత్తు వేశాడని ఇంకొకరు. చిటపట సర్దిచెప్పగలిగే మనిషైతే సర్దిచెప్పేవాడే. కానీ అతని నోటివెంట వచ్చింది ఒకే మాట: "మీలో ఎవరో ఒకరు పడితే గానీ మీకు బుద్ధి రాదు."

ఆ మాటతో అంతా ఒంటికాలి మీద లేచారు. అప్పటికప్పుడు అతన్ని పనిలోంచి తీసేశారు. మర్నాడు మోటారు గది తాళం బద్దలుకొట్టించి, ఇంకో మెకానిక్‌ని తెచ్చి అదే ముడి మళ్ళీ వేయించారు.

చిటపటకి ఇక ఆ భవనంతో సంబంధం లేదు. అయినా ఇనుప పట్టీ ఒకటి, బోల్టులు, డ్రిల్లు పట్టుకుని పట్టపగలే మూడో అంతస్తుకి వెళ్ళాడు. తలుపుకి అడ్డంగా పట్టీ బిగిస్తుంటే ఆ అంతస్తు వాళ్ళు చుట్టూ మూగి దుమ్మెత్తిపోశారు. ఎవరో కాలరు పట్టుకున్నారు. చొక్కా చిరిగింది. అతను చివరి బోల్టు బిగించి, స్పానరు జేబులో పెట్టుకుని, అప్పుడు తిరిగి రెండు తిట్లు తిట్టాడు. పోలీసులొచ్చారు. స్టేషన్లో మధ్యాహ్నమంతా బల్లమీద కూర్చోబెట్టారు. ఆ పట్టీ విప్పడానికి మాత్రం ఎవరూ పూనుకోలేదు. విప్పినవాడి మీద మాట పడుతుందని కాబోలు.

స్టేషన్ నుంచి వదిలాక అయిదో అంతస్తుకి వెళ్తే అత్తగారు గడపలోనే ఆపేసింది.

"నా కొడుకు పొట్ట కొట్టి నీతులు చెప్పడానికి వచ్చావా? ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు."

బావమరిది వేరే కంపెనీ పెట్టుకున్నాడు. ఖాతాదారులు దాదాపు అందరూ అతని వెంటే వెళ్ళారు. కొత్త తాళం వచ్చింది, ఎవరో బిగించారు. ఈలోగా ఒక్కరూ పడలేదు. పడలేదు కాబట్టి చిటపట చేసిందంతా ఒట్టి పొగరని తేలిపోయింది. పెళ్ళిళ్ళలో కనపడితే బంధువులు పక్కకి జరిగి కూర్చునేవాళ్ళు.

ఆ తర్వాత రోజులు చేదుగా గడిచాయి. షెడ్డులో నీళ్ళ మోటార్లు, మిక్సీలు బాగుచేసుకుంటూ బతికాడు. భార్యకి పుట్టింటి దారి మూసుకుపోయింది. ఆవిడ అతనితో వారాల తరబడి మాట్లాడేది కాదు. ఒకసారి అన్నం వడ్డిస్తూ, ఆ రోజు కాస్త మంచిగా చెప్పి ఉంటే ఏం పోయేది అని అడిగింది. మంచిగా చెప్తే వినేవాళ్ళా అన్నాడు. "వినేవాళ్ళు కాదు. కానీ మనం ఇలా ఒంటరివాళ్ళం అయ్యేవాళ్ళం కాదు" అంది. లిఫ్టు ఆపినందుకు ఒక్కనాడూ చింతించలేదు గానీ, ఆ మాటకి మాత్రం చాలాకాలం నలిగాడు.

కొన్నేళ్ళకి షెడ్డు ముందు ఒక కారు ఆగింది. దిగింది ప్రెసిడెంటు. లోపలికి రమ్మని చిటపట అనలేదు. ఆయనా రాలేదు.

"మా కోడలు ఆసుపత్రి కట్టింది. రెండు లిఫ్టులు. నువ్వు చూడాలి."

"మీకు చాలామంది మెకానిక్‌లున్నారుగా."

"ఉన్నారు. ఏం చెప్పినా సరే అంటారు. నువ్వంటే నాకు పడదు, దాచేదేముంది. కానీ స్ట్రెచర్ మీద మనిషిని ఎక్కిస్తాం అందులో. నువ్వు నడుస్తుందంటే నమ్ముతాను."

చిటపట చేతులు తుడుచుకున్నాడు. నేను ఆపమంటే ఆపాలి, ఎందుకని అడగొచ్చు గానీ ఎదురుచెప్పకూడదు అన్నాడు. ఆయన మొహం మాడ్చుకునే తలూపాడు. ఇద్దరూ చేతులు కలపలేదు.

ఆ ఆసుపత్రి చూసి ఇంకో ఆసుపత్రి వచ్చింది, తర్వాత రెండు బడులు, వృద్ధాశ్రమం ఒకటి. ఎవరూ ఇష్టపడి పిలవలేదు. వాడితో వేగడం కష్టం, అయినా వాడినే పిలవండి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. పిలిచినవాళ్ళు మాత్రం మళ్ళీ మారలేదు. షెడ్డు చాలక పెద్ద చోటు తీసుకున్నాడు. పనివాళ్ళు పెరిగారు. అతని తిట్లకి సగంమంది పారిపోగా, మిగిలినవాళ్ళు మెకానిక్‌లయ్యారు.

బావమరిది కంపెనీ మూతపడింది. ఏ ప్రమాదం వల్లా కాదు. అందరికీ అన్నీ అవుతాయని చెప్పి, ఎవరికీ ఏదీ సమయానికి చేయలేకపోయేసరికి, ఖాతాదారులు ఒక్కొక్కరే జారిపోయారు. చివరికి అక్కని వెంటబెట్టుకుని వచ్చాడు. చిటపట చేస్తున్న పని మీదనుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"జనంతో మాట్లాడే పని నువ్వు చూసుకో. అది నాకు చేతకాదు. స్క్రూడ్రైవర్ మాత్రం ముట్టుకోకు."

బావమరిది ఆ అవమానం మింగి ఒప్పుకున్నాడు, మింగిన సంగతి మర్చిపోలేదు. ఇప్పటికీ ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుంటారు. ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరు చిటపట భార్యకి చెప్తారు. ఆవిడ విసుక్కుంటూ అటూ ఇటూ చేరేస్తుంది.