నంబరు కొట్టని బోను

నూకరాజు ఎడమచేతి చిటికెనవేలు మొదటి కణుపు దగ్గర బయటికి వంగి ఉండేది. ఎవరైనా ఆప్యాయంగా ఆ చెయ్యి పట్టుకుంటే ముందు ఆ వేలే తగిలేది. ఏమైందని అడిగితే, "ఏటీ అవనేదు. పరీచ్చ రాసినాను, ఒక్కపాలి ఫేలయినాను" అనేవాడు.

ఆ పరీక్ష ఎవరూ పెట్టింది కాదు, ఆయన పెట్టుకున్నదే. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు ఆయన పని పెట్టెల కిటికీ షట్టర్లు బాగుచెయ్యడం. పాత పెట్టెల్లో ఇనప షట్టరు పైకెత్తితే కొక్కెం దాన్ని పట్టి నిలబెట్టాలి. కొక్కెం అరిగిందా, రైలు ఎక్కడో పట్టాలు మారినప్పుడు షట్టరు ధన్‌మని కిందికి దిగుతుంది. కిటికీలో చేతులు పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చునేది ఎక్కువగా పిల్లలు. అందుకని నూకరాజు బాగుచేసిన ప్రతి షట్టరునూ పైకెత్తి, కింద తన ఎడమచెయ్యి పెట్టి, కుడి పిడికిలితో చట్రాన్ని నాలుగు గుద్దులు గుద్దేవాడు. కదలకపోతేనే పెట్టె దిగేవాడు. ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి పడింది.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. పని పూర్తయ్యాక ఇనుము మీద అంకెలు దింపే పంచులు తీసి, ఏదో ఒక మూల తన టోకెన్ నంబరు కొట్టేవాడు. 4172. పని నేర్పిన మేస్త్రీ దగ్గర పట్టుకున్న అలవాటది. కొట్టమని పైవాళ్ళు ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. "రేపు ఎవుడి వేలన్నా నలిగితే తిట్టడానికి ఒక మడిసి కావాల గదా" అనేవాడు.

రిటైరయ్యాక ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు వదిలేసి సుభాష్‌పల్లిలో రెండు గదుల ఇంట్లోకి వచ్చాడు. ఇంటి పక్క రేకుల షెడ్డు వేసుకుని గేట్లూ, గ్రిల్లులూ చేసేవాడు. వాటి మీద కూడా ఒక మూల 4172 ఉండేది. భార్య హైమవతి ఆ ఇంట్లో రెండేళ్ళే ఉంది. ఆమెకి పెళ్ళయిన కొత్తలో కామెర్లొచ్చి తగ్గాయనుకున్నారు. తగ్గలేదు, ఆ జబ్బు లోపల ముప్పై ఏళ్ళుగా కాలేయాన్ని తింటూనే ఉందని చివర్లో డాక్టర్లు చెప్పారు. ఇంట్లోవాళ్ళకి కూడా రక్తపరీక్ష చెయ్యమన్నారు. నూకరాజుకి ఏమీ లేదు. కూతురు మీనాకుమారికి ఉంది, కన్నప్పుడే తల్లి నుంచి వచ్చి ఉంటుందన్నారు. మీనాకుమారి స్టేషన్లో టికెట్ల కౌంటరులో పనిచేసేది. తల్లి పోయిన ఏడాది నుంచి ఆమె రోజూ పొద్దున టిఫిను తిన్నాక ఒక తెల్ల మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్ళేది. అది జబ్బుని ఆపుతుంది, పోగొట్టదు. మానడానికి వీల్లేదు. ఆమె మాత్ర మింగేదాకా నూకరాజు అరుగు మీద నుంచి లేచేవాడు కాదు.

విష్ణుప్రియ వాళ్ళింటికి వచ్చింది ఒక గేటు వల్ల. గుంటూరు పిల్ల. ప్రేమ్ బజారులో గది తీసుకుని ఉండేది, ఊరి బయట మందుల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఆమె ఇంటి ఓనరు గేటు ఒక్క వేలితో తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంటుందట. మూల మీద నంబరు చూసి, ఇదేమిటని ఆరా తీసి, సుభాష్‌పల్లి దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చింది. సంచీలోంచి ఒక బొమ్మ తీసి బల్ల మీద పరిచింది.

స్టీలు బోను. రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. వెనకగోడ కదులుతుంది. బయటి నుంచి పిడి తిప్పితే ఆ గోడ ముందుకొచ్చి, లోపలున్నదాన్ని ముందు కటకటాలకి ఆనించి పట్టుకుంటుంది. సూది వేశాక పిడి విడిస్తే వెనక్కి పోతుంది. ఇలాంటివి నాలుగు కావాలి.

"లోపల ఉండేదేటమ్మా?"

"కోతులండీ, బాబాయ్ గారూ. ఒక కొత్త మందు, మనుషులకి ఇచ్చేముందు వాటికిచ్చి చూడాలి." అంది విష్ణుప్రియ. "కాలేయం మందు. హెపటైటిస్ బి కి."

నూకరాజు ఇంట్లోకి చూశాడు. మీనాకుమారి టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇది రోజూ వేసుకునేదా, ఒక్కసారితో పోయేదా?" అని మీనాకుమారే అడిగింది.

"పోగొట్టాలనే చేస్తున్నామండీ. పోతుందని ఇప్పుడే చెప్పలేను."

మీనాకుమారి గ్లాసులు కింద పెట్టింది. విష్ణుప్రియకి ఆ ఇంటి సంగతి అప్పటికి తెలియదు. తనే చెప్పుకుపోయింది. ఈ జబ్బు టీకా కనిపెట్టే రోజుల్లో చింపాంజీల మీద పరీక్ష చేశారు, మనిషి తర్వాత ఆ వైరస్ బాగా అంటేది వాటికే.

"ఇప్పుడూ సేస్తారా?" అన్నాడు నూకరాజు.

"చింపాంజీల మీద చాలాచోట్ల మానేశారండీ. మనిషికి మరీ దగ్గర. జరిగింది గుర్తుపెట్టుకుంటాయి, తోటిది చచ్చిపోతే తిండి మానేస్తాయి."

"దగ్గరని మానేసినారు."

"అవునండీ."

"మరి మొదలెట్టినది ఏటి, దూరమనా?"

విష్ణుప్రియ టీ తాగడం ఆపింది. "కాదండీ. దగ్గరనే."

"మరి కోతీ?"

"కోతి కొంచెం దూరం."

నూకరాజు స్టీలు స్కేలు తీసి బొమ్మ మీద పెట్టాడు. "అన్ని కొలతలూ రాసినావు గానీ ఆ దూరం ఒక్కటీ రాయనేదమ్మా" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. పని ఒప్పుకున్నాడు.

మొదటి బోనుకి తొమ్మిది రోజులు పట్టింది. వెనకగోడ జారే గాడిని ఆయన మూడుసార్లు విప్పి మళ్ళీ బిగించాడు. ఎక్కడా గీరుకోకూడదు. పిడికి పళ్ళచక్రం పెట్టాడు. ఒక్కో పన్నూ దాటినప్పుడల్లా చిన్న ఇనప ముక్క అడ్డుపడి, గోడని వెనక్కి పోనివ్వదు. రోజూ పేపరు కోసం వచ్చే సిరిల్ దాని చుట్టూ తిరిగి చూశాడు. సిరిల్ పాత గార్డు, ట్రాఫిక్‌లో నూకరాజు పక్క క్వార్టరువాడు.

"అరే రాజూ, ఈ టైప్ క్వార్టర్ ఎవుడికి అలాట్ అయింది? బాత్‌రూమ్ ఏదీ?"

"నీకే. సీనియారిటీ సూసి ఇచ్చినారు."

"నా పొట్టకి చాలదు మ్యాన్. నువ్వే ఎక్కు."

నూకరాజు ఎలాగూ ఎక్కేవాడే. ముందువైపు కటకటాల జాలీ విప్పి లోపలికి దూరి, మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూచున్నాడు. సన్నటి మనిషి, పట్టాడు. సిరిల్ జాలీ ఎత్తిపెట్టి నాలుగు బోల్టులూ బిగించాడు. ఆ రోజు సెలవు కావడంతో మీనాకుమారి ఇంట్లోనే ఉంది. నూకరాజు ఆమెని పిలిచి పిడి తిప్పమన్నాడు.

"ఇదేటి నాన్నా, ఈ వయసులో!"

"తిప్పమ్మా. నేను సూడకుండా ఏదీ షెడ్డు దాటనేదు గదా."

ఆమె నవ్వుతూనే తిప్పింది. టిక్ టిక్ మంటూ పళ్ళు దాటాయి. గోడ వచ్చి ఆయన వీపుకి తగిలింది. చల్లగా, నున్నగా ఉంది. ఇంకో రెండు పళ్ళు. ఛాతీ కటకటాలకి ఆనింది. ఎక్కడా నొప్పి లేదు. ఎక్కడా గుచ్చుకోలేదు. ఇంత బాగా కుదిరిన పని ఆయన చేతిలో అరుదుగా వచ్చింది. అంతా సరిగ్గా ఉందని చెప్పడానికే నోరు తెరిచాడు. అంతలో ఎడమచెయ్యి దానంతటదే కటకటాల్లోంచి బయటికి వెళ్ళి మీనాకుమారి మణికట్టు పట్టుకుంది.

సిరిల్ ఇంకా నవ్వుతున్నాడు. మీనాకుమారి నవ్వు ఆగిపోయింది. పిడి వెనక్కి తిప్పబోతే తిరగలేదు, అడ్డుపడ్డ ముక్కని వేలితో ఎత్తాలని ఆమెకి తెలియదు. "ఏది ఎత్తాల, నాన్నా? ఏది?" అని మూడుసార్లు అడిగింది. ఆయన ఆమె మణికట్టు వదిలితే తప్ప చూపించలేడు. వదలడానికి కొంచెంసేపు పట్టింది.

బయటికి వచ్చాక చెమట తుడుచుకుని, "గాడి బాగున్నాది" అన్నాడు. సిరిల్ పేపరు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నూకరాజు అంకెల పంచులు తీసి బల్ల మీద వరసగా పెట్టి, మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

మర్నాడు విష్ణుప్రియ వచ్చింది. పిడి తిప్పి చూసి మురిసిపోయింది. తర్వాత నాలుగు మూలలూ వెతికింది. "నంబరు కొట్టలేదేంటి బాబాయ్ గారూ?"

"మందు ఎన్నాళ్ళిస్తారు?"

"ఆరు నెలలు."

"ఆపైన ఆటినేటి సేస్తారు?"

ఆమె పిడి వదిలేసింది. దాచే అలవాటు లేని పిల్ల. "కాలేయం కోసి చూడాలండీ. నొప్పి తెలియకుండా పడుకోబెట్టేస్తారు."

"ఓహో."

"దీనికి కమిటీ ఉంటుందండీ. ఇంకో దారి ఉందా, తక్కువ జంతువులతో అవుతుందా అని అన్నీ అడిగాకే ఒప్పుకున్నారు."

"ఆ కమిటీవోలు ఎవులన్నా ఇందులో కూకున్నారా?"

ఆమె మళ్ళీ పిడి పట్టుకుంది. నెమ్మదిగా అంది: "మీరు చెయ్యనంటే ఇంకెక్కడో చేయిస్తారు. మా దగ్గరున్న పాతది గీరుకుంటుంది, వీపు మీద తోలు లేచిపోతుంది. మీ గేటు చూశాకే నేను వచ్చింది."

ఆ తర్వాత నాలుగు రోజులు నూకరాజు షెడ్డు తెరవలేదు. అయిదోరోజు పొద్దున మీనాకుమారి టిఫిను ముగించి మాత్ర చేతిలో వేసుకుంది. నూకరాజు అరుగు మీద నుంచి చూస్తున్నాడు.

"ఈ మాత్ర కూడా అలగే వచ్చుంటాది గదా" అన్నాడు.

"వచ్చే ఉంటాది. ఏటి, మానీమంటావా?"

"అలగన్నానా?"

"మరి నాలుగు దినాలనుంచి ఆ సూపేటి? మందు మింగుతాంటే దొంగతనం సేసినట్టున్నాది నాకు." ఆమె మాత్ర మింగి గ్లాసు చప్పుడయ్యేలా పెట్టింది. "సేత్తే సెయ్యి, మానితే మాను. నా పేరు సెప్పి మాత్రం సెయ్యకు. మీనా కోసమే సేసినాను, నా తప్పేటీ నేదని రేపు అనుకుంటావు. ఆ బరువు నా నెత్తిన పెట్టకు, నాన్నా."

బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. వీధి మలుపు దాటేదాకా నూకరాజు చూశాడు. తర్వాత లేచి షెడ్డు తాళం తీశాడు.

మిగిలిన మూడు బోనులూ చేశాడు. బొమ్మలో లేనిది ఒకటి మొదటిదానితో కలిపి అన్నింటికీ పెట్టాడు. ముందు కటకటాల్లో, చెయ్యి పట్టేంత చిన్న కిటికీ. దానికి పైకెత్తే షట్టరు, నిలబెట్టే కొక్కెం. ప్రతి షట్టరు కిందా తన ఎడమచెయ్యి పెట్టి కొక్కేన్ని పరీక్షించాడు. విష్ణుప్రియ బోనుల కోసం వ్యాను తెచ్చినరోజు అది చూపించాడు.

"నేను లోపలున్నప్పుడు నా సెయ్యి దానంతటదే బయటికొచ్చిందమ్మా. ఆటికీ వస్తాదేమో. వస్తే సూది ఆ సేతికే వెయ్యి. గోడ తిప్పకు."

"అలా నేర్పొచ్చండీ. పండు చూపించి నేర్పుతారు కొన్నిచోట్ల. కానీ వారాలు పడుతుంది."

"నీ కాడ ఎన్ని వారాలున్నాయి?"

"మూడు."

"ఆ మూడూ సూడు."

అప్పుడు పంచులు తీసుకొచ్చాడు. నాలుగు బోనులకీ ముందువైపే, కిటికీ పక్కన, అందరికీ కనబడేచోట కొట్టాడు. 4172. సుత్తి దెబ్బకి రేకులు అదిరాయి. కేంద్రంవాళ్ళు ఏమంటారోనని విష్ణుప్రియ అంది. నూకరాజు పంచులు తుడుస్తూ, "నంబరు నేకపోతే ఎవులూ సెయ్యనట్టే ఉంటాదమ్మా. నేనే సేసినాను గదా" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి సోమవారం ఆమెకి ఫోను చేసేవాడు. క్షేమసమాచారాలు లేవు, ఒక్కటే ప్రశ్న. "ఎన్ని సేతులు?" రెండు వారాలు సున్నా. మూడోవారం ఒకటి. మిగిలినవాటికి పిడి తిప్పాల్సి వచ్చిందని ఆమె చెప్పేది, ఆయన ఊఁ అనేవాడు. మూడోనెలకి రెండయ్యాయి. ఆపైన పెరగలేదు.

ఆరోనెలలో ఒక సోమవారం ఆయన ఫోను చెయ్యలేదు. సాయంత్రం నాలుగింటికి విష్ణుప్రియే సైకిలు మీద వచ్చింది. షెడ్డులో స్టూలు లాక్కుని కూర్చుంది. నూకరాజు ఎవరిదో బాల్కనీ గ్రిల్లు ఆకురాయితో రుద్దుతున్నాడు. ఆపలేదు. మీనాకుమారి టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, తనూ గుమ్మంలో కూర్చుంది.

"మొన్నటితో అయిపోయిందండీ" అంది విష్ణుప్రియ.

"నాలుగూనా?"

"నాలుగూ."

ఆకురాయి ఇంకాసేపు నడిచింది. మందు పనిచేసిందా లేదా అని తండ్రీకూతుళ్ళిద్దరూ అడగలేదు. ఫలితాలు తేలడానికి ఇంకా ఏడాది పడుతుందని విష్ణుప్రియే చెప్పింది.

"బోనులేటి సేసినారు?" అన్నాడు నూకరాజు.

"కడిగి పెట్టారు. మళ్ళీ వాడతారండీ."

"నంబరు గోకేసినారా?"

"గోకలేదు. ఉంది."

నూకరాజు ఆకురాయి పక్కన పెట్టి, గ్రిల్లు అంచు మీద ఎడమచేతి వేళ్ళు ఒకచివర నుంచి ఇంకోచివరకి పోనిచ్చాడు. ఒకచోట గరుకు తగిలింది. అక్కడ వేలు ఆపి, "తాగమ్మా, సల్లారిపోతాంది" అన్నాడు.