తోడల్లుడి పొట్ట

నాన్న చివరగా చేసిన పని, మంచానికి తలవైపు కోళ్ళ కింద చెరో టైలు ముక్క అదనంగా దూర్చడం. నేను మంచం ఎత్తి పట్టుకున్నాను.

"మంట ఇవాళ కాస్త ఎక్కువగా ఉందమ్మా. ఇంకొంచెం లేపితే దిగుతుంది" అన్నాడు.

ఆ మంట పొట్టది కాదు, గుండెది. రోజూ ఉండేదే అనుకున్నాం.

నాన్న టైల్స్ మేస్త్రీ. తోటి పనివాళ్ళు ఆయన్ని 'రసమట్టం' అని పిలిచేవారు. నేల మట్టంగా ఉందని ఆ పనిముట్టు గాజుగొట్టంలోని బుడగ ఒప్పుకుంటే తప్ప గది వదిలేవాడు కాదు. అలాంటి మనిషి ఏటవాలు మంచం మీద పడుకోవలసి వచ్చింది. ఛాతీకీ పొట్టకీ మధ్య పొరలో ఉండే కన్నం వెడల్పై, కడుపు పైభాగం అందులోంచి పైకి జారుతోందట. హయాటల్ హెర్నియా అన్నారు. వంగి టైలు పరుస్తుంటే పులుపు గొంతులోకి తన్నుకొచ్చేది. మోకాళ్ళ మీద నిటారుగా లేచి, గుటక మింగి, మళ్ళీ వంగేవాడు.

జబ్బు కంటే ఆయన్ని ఎక్కువగా కాల్చింది తోడల్లుడు, అంటే మా బాబాయి. గడియారాల కొట్లో కూర్చుని చేసే ఉద్యోగం ఆయనది. ఆయనకి బట్టతల రాకపోవడం కూడా తన మీద పన్నిన కుట్రే అన్నట్టు చూసేవాడు నాన్న. పైగా ఇదే జబ్బు బాబాయికీ వచ్చింది, ఆపరేషన్‌తో పోయింది.

ఇద్దరికీ ఒకే డాక్టరు. "మీకు మాత్రలతో సర్దుకుంటోంది కదా. ఆపరేషన్ కావాలంటే చేద్దాం. తొందరేం లేదు, ఆలోచించుకోండి" అన్నాడాయన.

"మా తోడల్లుడిది ఎంత జారింది సార్?"

"అది నేను చెప్పకూడదండీ."

బయటికొచ్చాక, "నాదే పెద్దదయ్యుంటుంది. అందుకే చెప్పలేదు" అన్నాడు నాన్న నాతో.

ఆపరేషన్ చేయించుకుంటే బాబాయిని చూసి చేయించుకున్నాడంటారని బెంగ. మానేస్తే బాబాయి సుఖం చూస్తూ కూర్చోవాలి. నెలల తరబడి ఇదే ఊగిసలాట.

ఒక ఆదివారం, ఎప్పట్లాగే, బాబాయి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు.

"ఏం అన్నయ్యా, అప్పుడే చెయ్యి కడిగేసుకున్నావు?"

"నీలాగా కొత్త పొట్ట కొనుక్కోలేదుగా."

"కొనుక్కో మరి, ఎవరొద్దన్నారు? వదినా, ఇంకాస్త వెయ్యి."

మారు వడ్డించుకుని, అంతా తిని, నాన్న పరిచిన నేల మీదే వెల్లకిలా పడుకున్నాడు. తలకింద దిండు కూడా లేదు. నాన్న గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

సాయంత్రం ఆయన వెళ్ళగానే, "నేనూ కోయించుకుంటా" అన్నాడు.

అమ్మ నవ్వింది. "కుళ్ళుతో ఎవరైనా కోయించుకుంటారా అండీ?"

"పొట్టా నాదే, కుళ్ళూ నాదే. మధ్యలో నీకేంటి?"

డాక్టరుకి ఫోన్ చేసి తారీఖు కూడా తీసుకున్నాడు. ఆ తారీఖు రాకముందే పోయాడు.

తరవాత బాబాయి మా ఇంట్లో కొన్నాళ్ళున్నాడు. అన్నం పెడితే పిల్లాడిలా కొంచెం కొంచెం తిన్నాడు. అడిగితే చెప్పాడు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి త్రేన్పు రాదట. కొంచెం ఎక్కువ తింటే పొట్ట బిగుసుకుపోతుందట. కొందరికి అలా అవుతుంది, మెల్లగా తగ్గుతుందన్నాడట డాక్టరు.

"నాన్నకి ఒక్క మాట చెప్పలేకపోయావా బాబాయ్?"

ఆయన కంచం పక్కకి జరిపాడు.

"మా అన్నదమ్ముల్లో నేనే పనికిరానివాణ్ణమ్మా. జన్మలో నన్ను చూసి కుళ్ళుకున్నది మీ నాన్న ఒక్కడే. అది పోగొట్టుకోబుద్ధి కాలేదు."

ఆ ఆదివారాలు మా ఇంట్లో తిన్నాక, బిగుసుకున్న పొట్టతో బస్సులో కూర్చోలేక, ఊరి అవతలున్న వాళ్ళింటికి నడిచే వెళ్ళేవాడట.